బొంత కింద రెండో చరణం

గొంతు నొప్పి అంటే సరిపోతుంది, గొంతు నొప్పి బయటికి కనపడే జబ్బు కాదు, థర్మామీటరుకి అందదు, రేపు పొద్దున్నే పాస్టరమ్మగారికి ఫోన్ చేసి కాస్త బొంగురుగా, ఫ్రిజ్‌లో నీళ్లు తాగానండీ అంటే చాలు, అయ్యో అంటారు, ప్రార్థన చేస్తామంటారు, నిజంగానే చేసేస్తారేమో, చేస్తే తగ్గిపోతుందేమో, లేని నొప్పి తగ్గితే ఎలా ఉంటుందో, అని బొంత కింద నిలబడి ఆలోచిస్తున్నాను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో డానియేలు ఫోను, ఫోను మీద ఎర్ర చుక్క వెలిగి ఆరుతోంది, అంటే రికార్డింగు మొదలైనట్టు, చెవుల్లో వేణువు ఊదుతోంది, ఆ వేణువు కూడా నిజం వేణువు కాదు, ఫోనులోదే, ఇక్కడ నిజమైనది ఈ బొంత ఒక్కటే, వరమ్మ తన పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత, గదికి అడ్డంగా దండెం కట్టి దాని మీద వేస్తారు, పాడేవాళ్లు ఒక్కొక్కరే కింద దూరి పాడి చెమటలు తుడుచుకుంటూ బయటికొస్తారు, ధూల్‌పేటలో మా స్టూడియో అంటే ఇదే, మ్యూజిక్ పాడేవాళ్ల చెవుల్లో మాత్రమే మోగుతుంది, బయట కూర్చున్నవాళ్లకి మనిషి గొంతు ఒక్కటే వినిపిస్తుంది, తాలింపు పెట్టని పప్పులా, ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు, తెలిసి కూడా నా పప్పు ఎలా ఉంటుందోనని ఒక్కసారీ అనుమానం రాలేదు, ఇవాళ మధ్యాహ్నం దాకా రాలేదు, ఇప్పుడు కొత్త పాట పల్లవి వస్తోంది, ముందే పాడిపెట్టిన వరమ్మ గొంతు, తర్వాత మొదటి చరణం డానియేలుది, రెండో చరణం నాది, ఏ పాటలోనైనా రెండో చరణమే నాది, అది వచ్చేలోపు తేల్చుకోవాలి, పాడాలా, దగ్గాలా, ఈ బొంతలోనే ఉండిపోవాలా.

కింద గేదెలు ఇవాళ బుద్ధిగా ఉన్నాయి, ఇంటి ఓనరు శారదమ్మ వాళ్లది తాతల నాటి పాల వ్యాపారం, మేము పాడేది వరమ్మ అద్దెకుండే గదిలో, దాని కిందే కొట్టం, డానియేలు మెట్ల మీద నుంచి వంగి, అత్తా, షురూ జేస్తున్నం అని కేకేస్తే ఆమె గేదెల ముందు పచ్చగడ్డి పడేస్తుంది, నములుకుంట ఎట్ల అర్స్తయి బిడ్డా, మీరు పాడుకోరి అంటుంది, పక్కింట్లో వినాయకుడి విగ్రహాలకి రంగు కొట్టే మిషను కూడా మా పాట అయ్యేదాకా ఆగుతుంది, ఇంతమంది నోళ్లు మూసుకుని నా గొంతుకి దారి ఇస్తుంటే నేను అది సహజమే అనుకున్నాను, పెద్ద ఆఫీసరు వస్తుంటే ట్రాఫిక్ ఆపరూ, అలాగన్నమాట, నేను ఆఫీసరును కూడా కాదు, సీనియర్ అసిస్టెంటును, కానీ బాపట్లలో పుట్టినదాన్ని, చిన్నప్పుడు క్వయర్‌లో ముందు వరసలో నిలబడినదాన్ని, పొట్టిగా ఉన్నవాళ్లందరినీ ముందు వరసలోనే నిలబెడతారని ఇన్నేళ్లకి ఇప్పుడు తడుతోంది, ఉద్యోగం వచ్చిన కొత్తలో పురానాపూల్ దగ్గర అద్దెకుండేవాళ్లం, తర్వాత మలక్‌పేటలో ఫ్లాటు కొనుక్కున్నాం, ఇల్లు మారాం గానీ మందిరం మారలేదు, పాత మందిరం మీద ప్రేమ అని అందరికీ చెబుతుంటాను, అసలు సంగతి ఏమిటంటే ఫ్లాటు దగ్గరున్న మందిరంలో అందరూ మాకంటే పెద్ద కార్లలోంచి దిగుతారు, ఇక్కడ మాదే పెద్ద కారు, ఇక్కడైతే వరమ్మ ఉంది, ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరపకాయల కొట్టులో తొడిమలు తీసే వరమ్మ, వయసులో నాకంటే పెద్దది, అయినా తను నన్ను అక్కా అంటుంది, నేను తనని వరమ్మా అంటాను, ఇందులో తప్పుందని ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు, డానియేలు పత్తర్‌గట్టిలో చీరల కొట్టులో పనిచేస్తాడు, వాడి చెల్లెలు సోనీ డిగ్రీ చదువుతోంది, వీడియోల్లో మబ్బులూ గొర్రెపిల్లలూ అతికించేది ఆ పిల్లే, వీళ్లు ముగ్గురూ ఇంట్లోనే పాటలు చేస్తున్నారని విని రెండో శనివారం చూసుకుని బిస్కెట్లు పట్టుకుని వచ్చాను, పాపం వీళ్లకి కాస్త అండగా ఉందామని, వస్తే కూర్చోమన్నారు, టీ ఇచ్చారు, నేనూ పాడతాను అన్నాను, పాడక్కా అన్నారు, ఎవరూ పిలవలేదు, ఇన్నాళ్లూ ఆ ముక్క గుర్తే రాలేదు, ఎవరూ పిలవలేదు.

వచ్చినదాన్ని ఊరికే పాడి పోయానా, దిద్దాను, డానియేలు కట్టిన పాటలో రెండో చరణం, ఇరుకు గల్లీలో నడిచొచ్చినవాడా, నా కుండలో నీళ్లడిగి తాగినవాడా అని ఎత్తుకుంటుంది, నేను కళ్లు మూసుకుని మొత్తం విన్నట్టు విని, పాట బాగుంది బాబూ, కానీ ఈ గల్లీ ఏమిటి, ప్రభువు గల్లీలో వస్తాడా, ఇరుకు మార్గమున అని పెట్టు, గంభీరంగా ఉంటుంది అన్నాను, మా గల్లీకే గదక్కా వచ్చింది అని వరమ్మ మెల్లగా అంది, నేను నవ్వాను, అది జాలి నవ్వు, నా దగ్గర అలాంటివి చాలా ఉన్నాయి, డానియేలు మాత్రం సరే అక్కా, మీరు జెప్పినట్టే అన్నాడు, వాడి పనే అది కదా, రోజంతా ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏ రంగు ముందర ఆగితే ఆ రంగే మీకు మస్తుంటదమ్మా అనేవాడు, సరే అక్కా అనడం వాడికి చీర మడతపెట్టడంతో సమానం, ఆ పాట యూట్యూబులో పెట్టిన రోజు నేను ముందు స్టేటస్‌లో పెట్టాను, తర్వాత ఆఫీసు గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంటు గ్రూపులో, అక్కడ నీళ్ల ట్యాంకరు రాలేదని గొడవ జరుగుతోంది, ఆ గొడవ మధ్యలో కూడా పెట్టాను, రెండో చరణం వినగలరు అని కింద రాశాను, మా సూపరింటెండెంటు శ్రీహరిరావుగారికి లింకు వెళ్లీ వెళ్లగానే దండం బొమ్మ వచ్చేసింది, పాట మొదలుకాకముందే ఆయన పరవశించిపోయారన్నమాట, బాపట్ల నుంచి మా చెల్లెలు సుచరిత ఫోన్ చేసి, నీ గొంతు అస్సలు గుర్తుపట్టలేకపోయానే అక్కా, ఎంత లేతగా ఉందీ, ఏం తింటున్నావే అంది, మిరియాలు, పటికబెల్లం, పొద్దున్నే బుగ్గన పెట్టుకుంటాను అన్నాను, సొంత చెల్లెలే గుర్తుపట్టలేనంతగా బాగుపడ్డానని ఆ పూటంతా పొంగిపోయాను, పొంగి ఊరుకోలేదు, అదే మిరియాలూ పటికబెల్లమూ ఒక సీసాలో పోసి వరమ్మకి తెచ్చిచ్చాను, మిరపకాయల ఘాటులో ఉంటావు, నీ గొంతుకి కాస్త నునుపొస్తుంది వాడు అన్నాను, వరమ్మ రెండు చేతులా పుచ్చుకుంది, మంచిదక్కా అంది, ఆ సీసా ఇప్పటికీ కిటికీలో ఉంది, బొంత కిందికి దూరేముందు చూశాను, నిండుగా ఉంది.

మా ఆయన ఒక్కడే అడిగాడు, పేపరు చదువుతూ పాట విని, బాగుంది, ఇందులో నీ గొంతేదీ అన్నాడు, రెండో చరణమండీ అన్నాను, మళ్లీ పెట్టించుకుని విన్నాడు, ఇది నీ గొంతులా లేదే అన్నాడు, ఇరవై ఏళ్లుగా ఆ గొంతుతో తిట్లు తింటున్న మనిషి, వాడకందారుడు, అతని మాట నమ్మొచ్చు కదా, నేను నమ్మలేదు, మీ చెవులు పోయాయి అన్నాను, అనడమే కాదు, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, ఆయన ఒక చెవిలోంచి గుబిలి తీశాడు, చూశారా అన్నాను, ఇంటికొచ్చి మళ్లీ పాట పెట్టాను, మా ఆయన శుభ్రమైన చెవులతో చివరిదాకా విన్నాడు, నా మొహం చూశాడు, రెండో చెవి కూడా చూపిద్దామా అని నేను అనబోతుంటే, ఆఁ, వినపడుతోంది, నువ్వే అన్నాడు, లోకంలో ఇంకెవరికీ మొగుడి చేత తన గొంతు ఇలా ఒప్పించుకోవలసిన ఖర్మ పట్టి ఉండదు.

అయినా ఇవన్నీ ఇంట్లో సంగతులు, నవ్వుకుని వదిలేయొచ్చు, వదలలేనిది పాస్టరమ్మగారి సంగతి, పోయిన నెల ఆరాధన అయ్యాక మందిరం వరండాలో అందరం నిలబడి ఉన్నాం, పాస్టరమ్మగారు నా దగ్గరికి వచ్చి, మీవాళ్లు చేసిన పాట విన్నానమ్మా, ఆ రెండో చరణం పాడిందెవరు, ఒళ్లు జలదరించింది, కళ్లమ్మట నీళ్లొచ్చాయి అన్నారు, నేను తల కొంచెం వంచి, దేవునికే మహిమండీ అన్నాను, దేవునికే మహిమ అంటే మా వాళ్లలో నేనే అని అర్థం, ఆవిడ నా చేతులు పట్టుకుని, అయితే కోత పండుగ రోజు మందిరంలో ఆ పాట మీరే పాడాలి, ఒక్కరే, మైకు దగ్గర అన్నారు, మా మందిరంలో ఎవరికీ సెంటు పొలం లేదు, అయినా కోత పండుగ ఘనంగా చేస్తాం, మార్కెట్లో గుమ్మడికాయలు కొని కానుకగా తెచ్చి బలిపీఠం ముందు పెడతాం, తర్వాత వేలం పాటలో వాటిని మేమే పోటీపడి మళ్లీ కొనుక్కుంటాం, బయటి బిషప్పుగారు కూడా వస్తారు, అలాంటి రోజు ఒంటరిగా మైకు దగ్గర, నాకు కాళ్లు నేల మీద ఆనలేదు, అప్పుడు నా పక్కనే ఎవరున్నారు, టీ కప్పుల పళ్లెం పట్టుకుని వరమ్మ ఉంది, మొత్తం వింది, పాస్టరమ్మగారు కప్పు తీసుకుంటూ, నువ్వూ ఉన్నావా అమ్మా ఆ పాటలో అని అడిగితే, ఉన్ననమ్మా, పల్లవిల, అక్క మస్తు పాడ్తది అంది, పళ్లెం ఊగలేదు, ఒక్క కప్పులో కూడా టీ తొణకలేదు, నాకది బాగా గుర్తు, ఎందుకంటే నేను అప్పుడు వరమ్మ మొహం చూడలేదు, నా కప్పే చూస్తున్నాను.

ఆ కోత పండుగ రేపే, దానికోసం మీగడ రంగు చీర కూడా కొన్నాను, డానియేలు కొట్టులోనే, వాడే పరిచి చూపించాడు, అక్కా మైకు కాడ గిది మస్తుంటది అన్నాడు, వాడు అప్పుడు నవ్వాడా, లేదు, నవ్వితే బాగుండేది, ఇవాళ పొద్దున కొత్త పాటలో వాళ్ల వంతులు పాడేశారు, నేను మధ్యాహ్నం వచ్చి, రేపటికి పాత పాట ఒకసారి సాధన చేసుకుంటాను బాబూ అన్నాను, డానియేలు ఫోనులో ఆ పాట తెరిచి, ఇగో అక్కా, ఇంటుండురి, ఛాయ్ తెస్త అని కిందికి దిగాడు, వాడు తెరిచింది యూట్యూబులో అందరూ వినే పాట కాదు, గొంతులన్నీ విడివిడిగా పెట్టుకుని తను పాట కూర్చే చోటు, హడావుడిలో చూసుకోలేదు, గీతల్లా గొంతులన్నీ ఒకదాని కింద ఒకటి పరిచి ఉన్నాయి, ఒక్కో గీత పక్కన పేరు, వరమ్మ, డానియేలు, సోనీ, వరమ్మ రెండు, కమలక్క, నా పేరు కనపడగానే ముద్దొచ్చింది, దాని పక్కనున్న స్పీకరు బొమ్మ మీద మాత్రం అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది, మిగతావాటికి లేదు, నాకు ప్రత్యేకంగా ఏదో పెట్టాడనుకున్నాను, పాట నడుస్తుండగా రెండో చరణం దగ్గర ఆ బొమ్మ మీద వేలు పెట్టాను, గీత పోయింది, ఎవరో ఆడమనిషి పాట మధ్యలోకి వచ్చి అరిచింది, రేషను షాపులో వరస తప్పినవాళ్లని కసిరినట్టు, ఇరుకూ మార్గమునా, నడిచీ వచ్చినవాడా, ఒక్కో మాటా ఆఫీసు సర్క్యులరు చదివినంత స్పష్టంగా ఉంది, రాగం మాత్రం ఏదీ లేదు, రాగం ఉండాల్సిన చోట పట్టుదల ఉంది, ఎవరీవిడ అనుకున్నాను, ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను, గీత మళ్లీ పెట్టి విన్నాను, చక్కటి లేత గొంతు, మళ్లీ తీశాను, రేషను షాపు, అప్పుడు వరమ్మ రెండు అన్నదాని మీద వేలు పెట్టి చూశాను, లేత గొంతు ఆగిపోయింది, మిగిలింది నేను, చెల్లెలు గుర్తుపట్టలేనిదీ, పాస్టరమ్మగారి ఒళ్లు జలదరించిందీ, మా ఆయన చెవిలోంచి గుబిలి తీసినా దొరకనిదీ, ఎండుమిరపకాయల మధ్య కూర్చునే ఆ గొంతు.

అక్కడ ఆపేసినా బాగుండేది, ఆపలేదు, నా గొంతు ఒక్కదాన్నీ ఉంచి మొదటి నుంచీ విన్నాను, నా చెవుల్లో మిగతావాళ్లు పాడుతున్నంతసేపూ నేను బొంత కింద ఊరికే నిలబడి ఉంటాను కదా, ఫోను మాత్రం ఊరికే ఉండదు, గదిలో వినపడిందల్లా పట్టుకుంటుంది, చెవుల్లో మ్యూజిక్ ఉన్న నాకు వినపడని మాటలన్నీ అది పట్టుకుంది, ముందు గేదె నమిలిన చప్పుడు, తర్వాత సోనీ గుసగుస, అన్నా, ఆఖరుకు బంద్ జేసేదే గదా, ఊకె ఎందుకు పాడిపిస్తవ్ పాపం, డానియేలు, మెల్లగ పోరీ, అక్క ఇంటది, సోనీ, అక్క ఎప్పుడిన్నదన్నా, ఎవరో కిసుక్కుమన్నారు, డానియేలు మళ్లీ, గొంతు ఖరాబుందని గాదే, శృతి జర పక్క గల్లీల ఉంటది, గంతే, ఈసారి ముగ్గురూ నవ్వారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వొకటి అందులో వరమ్మదే, తర్వాత వరమ్మ, ఊకోర్రి ఇగ, వారమంత ఆఫీసుల ఎవలతోని ఏం మాట్లాడ్తదో, ఇంట్ల ఏం మాట్లాడ్తదో, ఈడికొచ్చి జర నోరు తెరుస్తది, తెర్వనీ, నీ సొమ్మేం బోయింది పోరీ, ఆ మాట అయీ అవగానే నేను, ఇరుకూ మార్గమునా, మెట్ల మీద డానియేలు చెప్పుల చప్పుడైంది, గబుక్కున స్పీకరు బొమ్మ మీద మళ్లీ గీత పెట్టేశాను, నా వేలితోనే నన్ను మూసేశాను, వాడు గ్లాసు అందించి, ఎట్లుందక్కా అన్నాడు, బాగుంది బాబూ అన్నాను, ఛాయ్ కూడా బాగుందన్నాను, ఇంకా తాగలేదు.

ఇప్పుడు చెవుల్లో కొత్త పాట మొదటి చరణం అందుకున్నాడు డానియేలు, ఎర్ర చుక్క వెలిగి ఆరుతోంది, నాకు కోపం రావాలి న్యాయంగా, ప్రయత్నించాను, ఆఫీసులో అయితే మెమో ఇచ్చేదాన్ని, నా గొంతును నాకు ముందస్తు నోటీసు ఇవ్వకుండా నిలిపివేసినందుకు తగు సంజాయిషీ సమర్పించవలసిందిగా, కానీ ఆ మెమో ఎవరి పేరున రాయను, నేను అండగా ఉందామని వచ్చిన మనుషులే ఇన్నాళ్లూ నాకు అండగా ఉన్నారు, నేను తెచ్చిన బిస్కెట్లు తిని, నేను దిద్దిన మాటలకి సరే అని, గేదెలకి గడ్డి వేయించి, రంగు మిషను ఆపించి, పనికిరాని పాటను ప్రతిసారీ పూర్తిగా పాడనిచ్చి, దాన్ని పారేయకుండా గీత కొట్టి దాచిపెట్టారు, నేను వాళ్లకి చేస్తున్నాననుకున్న సేవ వాళ్లు నాకు చేస్తున్నారు, అది తెలిసినందుకు సిగ్గుగా ఉందా, ఉంది, కానీ దానికంటే లోపల ఇంకోటి కుట్టినట్టుంది, సోనీ మాట, అక్క ఎప్పుడిన్నది, ఎప్పుడు విన్నాను, ఇంతమందికి పంపాను, ఇంతమంది చేత వినిపించాను, నేను ఒక్కసారి విని ఉంటే, చెవులు పెట్టి విని ఉంటే, పాటంతా గల్లీ గల్లీ అని వినిపించేది, మార్గము అనే ముక్క దానిలో ఎక్కడా లేదు, నేను దిద్దిన మాట నాతోపాటే పోయింది, అది కూడా పట్టుకోలేకపోయానంటే పాట నడుస్తున్నంతసేపూ నేను ఏం చేస్తున్నట్టు, నా గొంతు వస్తుందని ఎదురుచూస్తున్నట్టు, రాగానే, ఏ గొంతు వచ్చినా సరే, నాదే అనుకుని మురిసిపోతున్నట్టు, బస్సులో ఎవరి సీటు మీదో రుమాలు వేసి కూర్చున్నట్టు, వరమ్మ ఇంత పాడింది, పల్లవి పాడింది, నా చరణమూ పాడింది, ఒక్కనాడు కూడా, వరమ్మా, ఎంత బాగా పాడావు అని నా నోటంట రాలేదు, సీసాడు పటికబెల్లం మాత్రం వచ్చింది.

మొదటి చరణం అయిపోవస్తోంది, సరే, జరిగిందేదో జరిగింది, రేపటి సంగతి చూసుకోవాలి, మైకు దగ్గర నిలబడి ఇరుకూ మార్గమునా అంటే బిషప్పుగారు గుమ్మడికాయల వెనక్కి వెళ్లి దాక్కుంటారు, మా మందిరంలో స్పీకరు బొమ్మ లేదు, గీత పెట్టేవాళ్లు లేరు, కాబట్టి గొంతు నొప్పే మేలు, ఆడిట్ అంటే ఆదివారం ఆడిటేమిటి అంటారు, బాపట్లలో ఎవరికో బాగాలేదంటే ఎవరికని అడుగుతారు, గొంతు నొప్పి శుభ్రమైనది, ఎవరినీ చంపక్కర్లేదు, మర్యాద దక్కుతుంది, స్కార్ఫు చుట్టుకుని ముందు వరసలో కూర్చుంటాను, అందరూ వచ్చి ఎలా ఉందమ్మా అంటారు, చేత్తో సైగ చేస్తాను, మీగడ రంగు చీర ఎలాగూ కట్టుకోవచ్చు, పాస్టరమ్మగారు మైకులో, మన కమలకుమారిగారికి గొంతు బాగాలేదు, ఆ గొంతు కోసం అందరం ప్రార్థన చేద్దాం అంటారు, ఆ గొంతు కోసం, అందరూ తలలు వంచుతారు, వెనక ఎక్కడో చాప మీద కూర్చుని వరమ్మ కూడా తల వంచుతుంది, వరమ్మే అందరికంటే గట్టిగా చేస్తుంది, నాయనా, అక్క గొంతు జల్ది బాగు జెయ్యి అని కళ్లు మూసుకుని అడుగుతుంది, తన గొంతు కోసం, అది నా మెడలో ఉందని ఒప్పుకుని, అయితే నువ్వు పాడమ్మా అని ఎవరైనా అన్నా పాడదు, అక్కకు బాగైనంక ఆమెనే పాడ్తది తియ్యి అంటుంది, అంటుంది, నాకు తెలుసు, టీ పళ్లెం ఊగకుండా అన్నట్టే అంటుంది, గొంతు నొప్పి అంటే ఆ గొంతు నాదేనని ఇంకోసారి చెప్పినట్టు, నేను లేచి వెళ్లినా ఆ మైకు మీద నా రుమాలు అలాగే ఉంటుంది, నొప్పి అబద్ధమవడం చిన్న సంగతి, గొంతే అబద్ధం.

రెండో చరణం వచ్చింది, వేణువు ఆగి నాకు చోటిచ్చింది, నేను అందుకోలేదు, ఇయర్‌ఫోన్లు తీసేశాను, మ్యూజిక్ చిన్న చీమలా వాటిలో ఎక్కడో కుయ్యిమంటోంది, గది వినపడింది, ఇన్ని శనివారాల్లో మొదటిసారి బొంత కింద నుంచి గది వినపడింది, గేదె నములుతోంది, సోనీ గాజులు, డానియేలు మోకాలి మీద తాళం, వరమ్మ ఏదో చిన్నగా మూలుగుతోంది, కాదు, మూలగడం కాదు, నేను అందుకోవాల్సిన స్వరం, నోరు మూసుకుని సన్నగా నాకోసం పట్టుకుని ఉంది, నాకు వినపడదని తెలిసి కూడా పట్టుకుని ఉంది, ఎన్నాళ్లుగా ఇలా పట్టుకుంటోందో, ఏందక్కా, అందుకుంటలేరేంది అన్నాడు డానియేలు, ఆ స్వరం ఆగింది, గొంతు నొస్తుందా అక్కా, జర ఆగుదమా అంది వరమ్మ, ఎంత మంచి మనిషి, నాకు కావలసిన అబద్ధం తనే తెచ్చి నా చేతిలో పెట్టింది, ఊఁ అంటే చాలు, ఊఁ అనడానికి శృతి కూడా అక్కర్లేదు, నేను బొంత ఎత్తాను, వెలుతురుకి కళ్లు చికిలించాను, ముగ్గురూ నా వైపు చూస్తున్నారు, పక్కింట్లో రంగు మిషను ఇంకా ఆగే ఉంది, గొంతు బాగానే ఉంది వరమ్మక్కా అన్నాను, అక్కా అనగానే సోనీ గాజులు ఆగిపోయాయి, గల్లీ పాటలో రెండో చరణం నాది కాదు, మీది, పాస్టరమ్మగారు అడిగిన మనిషి మీరు, రేపు మైకు దగ్గర మీరే పాడాలి, ఆ ముక్క ఆవిడకి నేనే చెబుతాను, మీ పక్కన నిలబడి చెబుతాను అన్నాను, నా గొంతు వణికింది, శృతి పక్క గల్లీ దాటి ఇంకెక్కడికో వెళ్లింది, నాకే వినపడింది, నా చేతిలో ఎర్ర చుక్క ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది, అంటే ఇదంతా రికార్డయిపోయింది, కానీ, నేను ఇంతవరకూ ఈ బొంత దగ్గర నోరు తెరిచి అన్నవాటిలో డానియేలు గీత కొట్టనక్కర్లేనిది ఇదొక్కటే.